టీచరమ్మ నిలువు వరుసలు

మొన్న ప్రీఫైనల్ పరీక్షకు వచ్చిన లెక్కల ప్రశ్నపత్రంలో ఒక మాత్రిక ఉంది. మూడు అడ్డువరుసలు, మూడు నిలువు వరుసలు, మొత్తం తొమ్మిది అంకెలు. బ్రాకెట్ మాత్రం నడిమి వరుసకే ఉంది. పైవరుసా కిందివరుసా దిక్కులేకుండా బయట నిలబడి ఉన్నాయి. పరీక్ష హాల్లో గంభీరంగా తిరగాల్సిన దాన్ని, నవ్వు ఆపుకోలేక గుమ్మం బయటికి వచ్చేశాను. పక్క హాల్లో డ్యూటీలో ఉన్న కెమిస్ట్రీ సారు తల బయటపెట్టి, "ఏందమ్మా, ఎవురన్నా చీటీలతో దొరికినారా?" అని అడిగాడు.

"లేదు సార్. మాత్రికకు వడ్డాణం పెట్టినారు" అన్నాను.

ఆయన నన్ను అదోలా చూసి లోపలికి పోయాడు. ఆ మాట అర్థమయ్యే మనిషి ఉదయగిరిలో ఉండేది. ఆవిడ పోయి ఏడాది దాటింది. అసలు ఆ మాట ఆవిడదే.

ఆవిడను నేను మొదటిసారి చూసింది ఆత్మకూరులో మా ఇంటి వరండాలో. నేను ఇక్కడి జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఆ రోజు మధ్యాహ్నం క్లాసులు లేక ఇంటికి వచ్చేసరికి ఎవరో పెద్దావిడ మా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. తెల్లచీర, కాళ్ల దగ్గర వైరు బుట్ట, బుట్టలో మజ్జిగ సీసా, నిమ్మకాయలు. నన్ను చూసి లేవలేదు, నమస్కారం పెట్టలేదు, తన పేరు చెప్పలేదు. చేతిలో ఉన్న కాగితం నా ముందుకు చాచింది.

"ఇది ఏంది?"

"మాత్రిక అండీ."

"కాదు. బక్కమనిషికి వడ్డాణం పెట్టినట్టు ఉండాది. బ్రాకెట్ అంటే తలకాయ కాడినించి పాదం దాకా ఉండాల. బస్టాండు కాడ డీటీపీ అబ్బాయి మంచోడే, నా వల్ల కాదమ్మా అని చేతులెత్తేసినాడు. కాలేజీ మేడమ్ ఒకామె ఏందో ఆజ్ఞలు రాసి లెక్కలు కొడతాది, ఆమె కాడికి పో అన్నాడు. నువ్వేనా? నీకు వచ్చా?"

మొదటి మాటలోనే నువ్వు. నేను మర్యాద కోరుకునే మనిషిని. అరవై మంది పిల్లల చేత రోజూ 'మేడమ్' అనిపించుకుంటాను. వయసులో పెద్దదని సరిపెట్టుకుని లాప్‌టాప్ తెరిచాను. నిజం చెప్పాలంటే కాస్త గొప్పకు కూడా తెరిచాను. ఎమ్మెస్సీలో ప్రాజెక్టు కోసం లెక్కలు అచ్చుకు కూర్చే లాటెక్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాక, ఆత్మకూరులో దాన్ని చూపించమని అడిగిన మొదటి మనిషి ఆవిడే.

లాటెక్‌లో అంకెల్ని మౌసుతో అటూ ఇటూ జరిపేది ఉండదు. మాటలతో చెప్పాలి. ఇక్కడ మాత్రిక మొదలు అని ఒక ఆజ్ఞ, ఇక్కడ ముగిసింది అని ఒక ఆజ్ఞ. మధ్యలో అంకెలు. ఒక అంకెకూ పక్క అంకెకూ నడుమ 'అండ్' గుర్తు, అడ్డువరుస అయిపోయిందని చెప్పడానికి వెనక్కి వాలిన గీతలు రెండు. అంతే. బ్రాకెట్ ఎంత ఎత్తుండాలో, వరుసలు ఎలా సర్దాలో అది చూసుకుంటుంది. నేను ఏవో తొమ్మిది అంకెలు కొట్టి చూపించాను. ఆవిడ తెరకు జానెడు దూరంలోకి మొహం తెచ్చి, తల పక్కకు తిప్పి, ఎడమకంటితో చూసింది.

"బ్రాకెట్ నువ్వు గియ్యలేదే?"

"అదే గీసుకుంటుంది. మనం ఎన్ని వరుసలు ఇస్తే అంత ఎత్తు."

"ఇంకో వరుస ఇయ్యి."

ఇచ్చాను. బ్రాకెట్ పెరిగింది. ఇంకోటి ఇయ్యి అంది. ఇచ్చాను. పేజీ అడుగు తగిలేదాకా ఇప్పించింది. "పెరగతానే ఉండాది మే" అని నా భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత ఆజ్ఞలో ఒక్క అక్షరం మార్చి చూపించాను. మేట్రిక్స్ అనే మాటకు ముందు పి పెడితే గుండ్రటి బ్రాకెట్లు, బి పెడితే చదరపువి, వి పెడితే రెండు నిలువు గీతలు, అంటే నిర్ధారకం, ఆ అంకెలన్నీ కలిపి కడితే వచ్చే ఒక్క విలువ. ఆవిడ మూడూ మార్చి మార్చి చూపించమంది. చీరల కొట్లో రంగులు చూసే వాళ్లను చూశాను గానీ బ్రాకెట్లను అలా చూసిన వాళ్లను చూడలేదు.

అప్పుడు చెప్పింది వచ్చిన పని. ఉదయగిరిలో ఉద్యోగమంతా తెలుగు మీడియం పిల్లలకు లెక్కలు చెప్పింది. పుస్తకంలో లెక్కలు చాలవని తనే తయారుచేసేది. అవి ఎక్కడా రాసి పెట్టుకోలేదు, అన్నీ బుర్రలోనే. కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమది తలుపు సందులోంచి చూసినట్టు ఉందట. నెల్లూరు డాక్టరు గ్లకోమా అన్నాడు, ఆ సందు కూడా మూసుకుపోతుందన్నాడు.

"అది మూసుకునే లోపల నా లెక్కలు అచ్చులో చూడాల. నా లెక్కలు నేను చేసినవి చేసినట్టు. నాకు ఇంకేం వద్దు" అంది.

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను? అప్పటికే మజ్జిగ సీసా మూత తీసి తాగుతూ, "నువ్వు యాడమ్మాయివి?" అని అడుగుతోంది. వింజమూరు అన్నాను. "అదా సంగతి. వింజమూరోళ్లు వినేది తక్కువ, చెప్పేది జాస్తి. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టాల" అంది.

ఆ తర్వాత వీలున్నప్పుడల్లా మధ్యాహ్నం ఉదయగిరి బస్సు దిగి వచ్చేది. మా ఇంట్లో టీ తాగేది కాదు. ఒకసారి తాగి, "వేడిగా ఉండాది" అని మెచ్చుకుంది. అందులో మెచ్చుకోదగ్గది అదొక్కటే అయ్యుంటుంది. బుట్టలోంచి చెక్క గరిటె ఒకటి తీసేది. ఉదయగిరిలో చెక్కేదే, తలకాయ విరిగి కాడ మాత్రం మిగిలింది. దాంతో తెర మీద చూపించేది. వేలు పెడితే మరకలవుతాయట. ఇంత మర్యాద మనుషుల దగ్గర మాత్రం ఉండేది కాదు.

'అండ్' గుర్తుకు ఆవిడ పెట్టిన పేరు మెలిక. వాలుగీతలు రెండింటికీ 'వాలు వాలు'. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుని చెప్పేది. "మూడు మెలిక సున్న మెలిక రెండు వాలు వాలు." నేను కొట్టేదాన్ని. లెక్క, జవాబు, అంతే చెప్పేది. చేసే దారి పుస్తకంలో ఉండకూడదంది. దారి పిల్లకాయలే వేసుకోవాలట.

ఆవిడ లెక్కల్లో తప్పకుండా ఎక్కడో ఒక సున్న ఉండేది. ఒకరోజు అడిగాను, ప్రతిదాంట్లో ఎందుకని. "మూడు మైళ్లు నడిచి బడికొచ్చే పిల్లకాయలు మే. లెక్కలో కూర్చోను ఒక చోటుండొద్దా?" అంది.

లెక్కలు ఎక్కడినుంచి పుట్టేవో కూడా ఒకరోజు చెప్పింది. కొన్ని క్లాసులో నల్లబల్ల ముందు నిలబడి అప్పటికప్పుడు చేసినవి. కొన్ని చర్చిలో చేసినవి. వాళ్లది బాప్టిస్టు కుటుంబం. చర్చిలో గోడకు ఒక చెక్కబోర్డు ఉంటుంది. ఆ ఆదివారం పాడబోయే పాటల నంబర్లు అంకెల అట్టలతో అందులో దూరుస్తారు, ఒకదాని కింద ఒకటి. మూడు పాటలు, ఒక్కో నంబరులో మూడు అంకెలు. ఆవిడకు అది పాటల బోర్డుగా ఎన్నడూ కనపడలేదట. ప్రసంగం మొదలయ్యేసరికి నిర్ధారకం కట్టడం మొదలుపెట్టేది.

"దేవుడు ఏమనుకుంటాడు టీచరమ్మా?" అన్నాను.

"ఆయన బోర్డే గదా, ఆయన లెక్కే. ప్రసంగం పొడుగైతే విలోమం కూడా కట్టేదాన్ని" అంది. సున్న లేని ఆదివారం లెక్క పిల్లలకు ఇచ్చేది కాదు.

అలా నిర్ధారకాల అధ్యాయం అయింది. నేను ఊరుకోలేదు, ప్రతి లెక్కా వేసి చూశాను. ఆవిడ చెప్పిన జవాబు ఒక్కటి తప్పలేదు. ఇక రెండో అధ్యాయం, మాత్రికల గుణకారం. మొదటిది అంత బాగా కుదిరాక రెండోది పరీక్ష చేయాలని నాకు తోచలేదు, ఆవిడా తొందరపెట్టింది. రెండు అధ్యాయాలూ కాగితం మీద తీసి ఇచ్చాను.

ఆ రోజు ఆవిడ మొహం చెప్పాలి. వరండాలో వెలుతురుకు ఎదురుగా కూర్చుని, భూతద్దం పెట్టి, ఎడమకన్ను కాగితానికి ఆనేటంత దగ్గర పెట్టుకుని, ఒక్కో అంకె చూసింది. గీతల ఎత్తు వేలితో కొలిచింది. "తలకాయ కాడినించి పాదం దాకా" అని తనలో తనే అనుకుంది. నాకు చాలా సంతోషమైంది. పెళ్లిచూపుల్లో ఒప్పుకున్నప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు, మా ఆయనకు చెప్పకండి.

గుణకారం అధ్యాయంలో మొదటి లెక్క దగ్గర ఆగింది. పెదవులు కదిలాయి. వెనక పేజీలో జవాబు చూసింది. మళ్లీ ముందుకొచ్చింది. భూతద్దం ఒళ్లో పెట్టుకుంది.

"ఇది నా లెక్క కాదు."

నేను కాగితం లాక్కుని అక్కడికక్కడే వేశాను. జవాబు కుదరలేదు. రెండోది వేశాను. అదీ అంతే. మూడోది కుదిరింది. నాలుగోది మళ్లీ లేదు. "ఆ మొదటిది మీరు బోర్డు మీద ఎలా రాస్తారో రాసి చూపించండి" అని సుద్దముక్క ఇచ్చి వరండా గచ్చు చూపించాను. ఆవిడ వంగి రాయడం మొదలుపెట్టింది. పైనుంచి కిందికి మూడు అంకెలు, దాని పక్కన మళ్లీ పైనుంచి కిందికి మూడు.

"అదేంటి, నిలువుగా రాస్తున్నారు?"

"నిలువుగా కాక?"

అప్పుడు తెలిసింది. వాళ్ల బడిలో నల్లబల్ల అంటే గోడ మీద సిమెంటు పూసి నలుపు వేసింది. ఎగుడు దిగుడు. అడ్డంగా రాసుకుంటూ పోతే ఒక అంకె కింద ఇంకో అంకె నిలవదు, పిల్లలు ఒక నిలువు వరుసలోది పక్కదాంట్లో కలుపుకుంటారు. అందుకని మొదటినుంచీ ఒక్కో నిలువు వరుస పూర్తిచేసి పక్కదానికి పోయేది. నిలువు సరిగ్గా ఉంటే అడ్డం దానంతట అదే వస్తుందని ఆవిడ సిద్ధాంతం. నాకు కూడా అలానే చెప్పింది, నిలువు వరుస అయిపోయినప్పుడు 'వాలు వాలు' అంది. కంప్యూటర్‌కు మాత్రం వాలు వాలు అంటే అడ్డువరుస అయిపోయినట్టు. ఆవిడ నిలబెట్టిన వరుసల్ని అది పడుకోబెట్టింది.

మరి మొదటి అధ్యాయంలో జవాబులన్నీ ఎలా కుదిరాయి? లెక్కలు తెలిసిన వాళ్లు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. నిర్ధారకానికి అడ్డం నిలువుగా మార్చినా, నిలువు అడ్డంగా మార్చినా విలువ ఒకటే. ఎంత తిరగబడ్డా అది బయటపడనివ్వదు. గుణకారం అలా కాదు, తిరగేస్తే వెంటనే చెప్పేస్తుంది.

"ఇంతేనా" అన్నాను ధైర్యంగా. "అన్నిటినీ ఒక్క దెబ్బతో తిప్పడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాస్తాను."

"అన్నీ తిప్పితే ఎట్టా? కొన్ని సరిగ్గానే ఉండాయి గదా."

నిజమే. మూడోది కుదిరింది. అది రెండు ఆదివారాల చర్చి బోర్డుల లెక్క. పాటల నంబర్లను ఆవిడ నంబర్లుగానే గుర్తుపెట్టుకుంది కాబట్టి అడ్డంగా చెప్పింది. నల్లబల్ల లెక్కల్ని నిలువుగా చెప్పింది. రెండూ కలిసిపోయాయి. ఏది తిరగబడిందో, ఏది బాగుందో ప్రోగ్రాంకు తెలియదు. గుణకారం అయితే వేసి తెలుసుకోవచ్చు. నిర్ధారకాల్లో జవాబు ఎటైనా ఒకటే కాబట్టి వేసినా తెలియదు. ఆవిడకు ఒక్కదానికే తెలుసు.

నేను ఉపాయం చెప్పాను. "టీచరమ్మా, గుణకారం నేను సరిచేస్తాను. నిర్ధారకాలు అలాగే ఉంచేద్దాం, జవాబులు మారవు కదా. ఎవరికీ తెలియదు. పుస్తకం త్వరగా వస్తుంది, మీరు కళ్లారా చూసుకుంటారు."

ఆవిడ నా వైపు తిరిగింది. "చీర తిరగేసి కట్టుకున్నా ఒళ్లు కప్పుద్ది. అట్టా కట్టుకుని కాలేజీకి పోతావా?"

"అది వేరు."

"ఏం వేరు? మొదటి నిలువు వరుసలో అన్నీ ఒకట్లు పెట్టినా. పిల్లోడు పైనించి కిందికి చూసి, ఓహో అని ఆ దారిన పోవాల. దాన్ని పడుకోబెడితే వాడికి యాడ కనపడుద్ది?"

"మరి మీ కళ్లు?" అనేశాను. అనకూడని మాటే గానీ ఎవరో ఒకరు అనాలి.

"కళ్లు ఎటూ పోతాయి మే. లెక్కలు ఎందుకు పోవాల?"

నాకు కోపం వచ్చింది. అచ్చులో చూడాలని వచ్చింది ఆవిడ, చూడకుండా పోయే దారి ఎంచుకుంటోంది ఆవిడ, మధ్యలో బాధపడుతున్నది నేను.

అలా మొదలైంది 'తిప్పు, ఉంచు'. నేను ఒక్కో లెక్కా పైవరుస నుంచి చదివేదాన్ని. ఆవిడ కళ్లు మూసుకుని వినేది. సగం వరుసలోనే "తిప్పు" అనేది. లేదంటే "పాటలది, ఉంచు". కొన్నిసార్లు ఆ నంబరు పాటలో ఒక ముక్క సన్నగా పాడి, "ఆ, ఇదే. ఉంచు" అనేది. తిప్పమన్న చోట నేను అంకెలు మార్చి, మెలికలు సర్ది, మళ్లీ చదివి వినిపించేదాన్ని. మా అత్తగారు వంటింట్లోంచి విని, "ఏందమ్మా అది, దోసెలా?" అని అడిగింది ఒకరోజు. టీచరమ్మ ఎప్పుడూ లేనంతగా నవ్వింది.

కొన్నాళ్లకు గరిటె కాడ బుట్టలోంచి బయటికి రావడం మానేసింది. నేను గమనించాను, అడగలేదు. తర్వాత ఒకరోజు బస్సు దిగి ఎదురుగా ఉన్న నన్ను దాటి ముందుకు పోయింది. చెయ్యి పట్టుకున్నాను. "నువ్వేనా? చెప్పొద్దా" అని విసుక్కుంది. ఆ చెయ్యి వదలకుండానే ఇంటిదాకా నడిచాం. ఆ రోజు నాలుగు లెక్కలు కూడా కాలేదు.

ఆ తర్వాత ఆవిడ రాలేదు, నేనే ఆదివారాలు ఉదయగిరి పోయాను. కొండకింద వీధిలో చిన్న ఇల్లు. ఆవిడా చెల్లెలూ ఇద్దరే. ఆవిడ పెళ్లి చేసుకోలేదు, చెల్లెలు భర్త పోయాక వచ్చి చేరింది. చర్చి నుంచి వచ్చి భోంచేసి ఇద్దరూ నాకోసం కూర్చునేవాళ్లు. చూపు పూర్తిగా పోయింది. ఆవిడ దాని గురించి ఒక్క మాటే అంది: "ఫ్యాను కనపడ్డంలా, గాలి వస్తా ఉండాది." మళ్లీ పనిలో పడింది. చూపు పోయాక ఇంకా వేగంగా చెప్పేది. తిప్పు, ఉంచు, ఉంచు, తిప్పు.

నిర్ధారకాలు చివరికొచ్చాయనగా ఒక లెక్క చదివాను. రెండు, ఒకటి, నాలుగు. మూడు, సున్న, అయిదు. ఒకటి, ఆరు, రెండు.

తిప్పు అనలేదు, ఉంచు అనలేదు. వినలేదేమోనని మళ్లీ చదివాను.

"నిలువుగా చదువు" అంది.

రెండు, మూడు, ఒకటి. ఒకటి, సున్న, ఆరు. నాలుగు, అయిదు, రెండు.

"జవాబు పదకొండు" అన్నాను, గుర్తుచేద్దామని.

"పదకొండని నాకు తెలుసు మే." ఆ ఆదివారం సంగతి చెప్పింది. "మా అమ్మను మన్ను చేసిన తరవాత ఆదివారం అది. పాస్టరుగారు అమ్మను గురించి చెప్తా ఉండాడు. అందురి ముందర ఏడవకూడదని నేను బోర్డు పట్టుకున్నా. పదకొండు వచ్చింది. మళ్లీ కట్టినా, మళ్లీ పదకొండు. చర్చిలో కూడిక అయిపోయిందాకా పదకొండు పదకొండు అనుకుంటా కూర్చున్నా."

"అయితే పాటలదే కదా. అడ్డంగా ఉన్నదే ఉంచుదాం."

"ఏది అడ్డం? రెండు వందల పద్నాలుగా, రెండు వందల ముప్పై ఒకటా? నీకు ఎట్టా చెప్పినానో నాకు తెలియలా. రెండూ పాటలే."

చెల్లెలు పాటల పుస్తకం తెచ్చింది. ఆ ఆరు నంబర్లూ తీసి ఒక్కొక్కటే పాడారు ఇద్దరూ. చెల్లెలి గొంతు బాగుంటుంది, ఈవిడది లెక్కలు చెప్పే గొంతు. ఏది పాడినా ఈవిడ తల అడ్డంగా ఊపింది. చివరికి చెల్లెల్ని అడిగింది, "నీకన్నా గుర్తులేదా?"

"నేను ఏడస్తా ఉండాను అక్కా. బోర్డు ఎవురు చూసినారు?" అంది ఆమె.

ఎన్నో లెక్కలు ఒక్క మాటతో తేల్చిన మనిషి, ఆ రోజు మంచం పట్టె మీద రెండు చేతులూ ఆనించి కూర్చుండిపోయింది. "అమ్మకు ఏం పాట పాడినామో పోయింది మే" అంది. కళ్లు పోయినప్పుడు కూడా ఆ గొంతు వినలేదు నేను. "పోనీ ఆ లెక్క తీసేద్దాం" అన్నాను. నాకు చేతనైన ఓదార్పు అదొక్కటే. ఆవిడ పక్కన పెట్టు అంది. తిరుగు బస్సులో కూర్చుని, ఎందుకు పెట్టుకున్నానా ఈ పని అని నన్ను నేను తిట్టుకున్నాను. అప్పుడే అచ్చు వేయించేసి ఉంటే ఆవిడ పుస్తకం చూసుకునేది. ఈ సంగతి గుర్తులేదనే సంగతి కూడా గుర్తొచ్చేది కాదు.

మరుసటి ఆదివారం నేను గుమ్మం ఎక్కకముందే, నా చెప్పుల చప్పుడు విని, "లాప్‌టాప్ తియ్యి" అంది. కూర్చోనివ్వలేదు.

"నిర్ధారకాల ఆఖరి లెక్క. నేను చెప్తా, నువ్వు కొట్టు. వి పెట్టు. రెండు మెలిక ఒకటి మెలిక నాలుగు వాలు వాలు." మూడు వరుసలూ అడ్డంగా చెప్పింది, తప్పు లేకుండా. "అయిందా? దాని పక్కనే ఇంకోటి మొదలుపెట్టు. రెండు మెలిక మూడు మెలిక ఒకటి వాలు వాలు." అది కూడా మూడు వరుసలూ చెప్పింది. "ఇప్పుడు కింద తెలుగులో రాయి. ఈ రెండింటికీ జవాబు ఒకటే వస్తుంది. ఎందుకు?"

"జవాబు వెనక పెట్టనా?"

"దీనికి జవాబు పెట్టబాక."

ఇంటర్ పిల్లలకు మేం ఆ సంగతిని ధర్మం అని ఒక్క వాక్యంలో చెప్పి దాటేస్తాం. రాసుకోండి, బట్టీ పట్టండి అంటాం. ఎందుకని అడిగే పిల్లలు తక్కువ, అడగనిచ్చే తీరిక మాకూ తక్కువ. ఆవిడ మర్చిపోయిన చోటునే తీసుకెళ్లి పిల్లల ముందు ప్రశ్నగా పెట్టింది. ఇంత మంచి లెక్క ఆ పుస్తకంలో ఇంకోటి లేదు. ఆ మాట పైకి అన్నాను కూడా.

"గీతలు రెండింటికీ ఒకే ఎత్తున వచ్చినాయా?" అని మాత్రం అడిగింది.

పుస్తకం అచ్చయి వచ్చాక మొదటి ప్రతి తీసుకుని ఉదయగిరి పోయాను. చెల్లెలు చీర చెంగుతో చేతులు తుడుచుకుని వచ్చి అట్ట నిమిరి, "అక్కా, నీ పేరు ఎర్రక్షరాల్లో వేసినారు" అంది. టీచరమ్మ పుస్తకం ఒళ్లో పెట్టుకుని వాసన చూసింది, పేజీలు బొటనవేలితో సర్రున వదిలింది. తర్వాత నిర్ధారకాల ఆఖరి పేజీ తీసి పెట్టమంది. తీసి, ఆవిడ రెండు అరచేతుల్నీ రెండు నిర్ధారకాల మీద పెట్టాను. నున్నటి కాగితం, చేతికి ఏమీ తగలదు. అయినా చేతులు తియ్యలేదు.

"ఏది మా అమ్మదో చెప్పు మే" అంది.

"తెలియదు టీచరమ్మా."

"నాకూ తెలియదు. జవాబుకు కూడా తెలియదు" అని నవ్వింది.

నాకు ఏడుపు వచ్చింది. ఆవిడకు కనపడదు కదా అని ధైర్యంగా ఏడ్చాను, చప్పుడు కానివ్వకుండా, పమిట నోట్లో కుక్కుకుని. ఆవిడ పుస్తకం మెల్లగా తన వైపుకు లాక్కుంది.

"కొత్త పుస్తకం మే" అంది. "తడవనీబాక. అటు తిరిగి ఏడువు."